చుక్క చిన్నది, వెలుగు పెద్దది

దూరంలో రికార్డు కొట్టిన గెలాక్సీ పేరు మామ్-జెడ్14. జేమ్స్ వెబ్ టెలిస్కోపు దాని వర్ణపటం తీశాక 2025లో లెక్క తేలింది. ఆ వెలుగు బయల్దేరేనాటికి విశ్వం వయసు 28 కోట్ల ఏళ్లు. ఇప్పటి వయసు 1,380 కోట్లు. పత్రికలు ఈ దూరాన్నే పతాక శీర్షికలకెక్కించాయి. నా కన్ను మాత్రం అదే పరిశోధనలోని ఇంకో అంకె మీద పడింది. ఆ గెలాక్సీ మనకు పంపే వెలుగులో సగం కేవలం 240 కాంతి సంవత్సరాల వ్యాసార్థంలోంచి వస్తోంది. మన పాలపుంత అడ్డకొలత సుమారు లక్ష కాంతి సంవత్సరాలు. కళ్లు చెదిరే వెలుగు ఇంత ఇరుకు చోటులోంచి ఎలా వచ్చిందన్నది నాకు దూరం కన్నా పెద్ద వింత.

దూరం రికార్డు చెప్పడం తేలిక, అంకె చెబితే చాలు. పరిమాణం సంగతికి వచ్చేసరికి అంకె చెప్పేముందు ‘ఏ వెలుగులో?’ అని అడగాలి. ఒకే గెలాక్సీని నక్షత్రాల వెలుగులో చూస్తే ఇంత, దాని చుట్టూ ఉన్న హైడ్రోజన్ వెలుగులో చూస్తే దానికి పది ఇరవై రెట్లు. రెండూ నిజమైన కొలతలే. కింద చెప్పబోయే ‘అతి చిన్న’, ‘అతి పెద్ద’ రికార్డులన్నీ ఆ ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగేవే.

ఒకే ఈడు, పోలికే లేదు

మామ్-జెడ్14 కన్నా ముందు దూరంలో మొదటి స్థానం జేడ్స్-జీఎస్-జెడ్14-0 అనే గెలాక్సీది. 2024లో బయటపడింది. మరుసటి ఏడాది చిలీలోని అల్మా రేడియో టెలిస్కోపులు అందులో ఆక్సిజన్ జాడ పట్టుకుని దూరాన్ని మరింత కచ్చితంగా తేల్చాయి. ఈ రెండు గెలాక్సీల కాలాల మధ్య తేడా ఒకటి రెండు కోట్ల ఏళ్లకు మించదు. విశ్వం లెక్కలో అది తేడానే కాదు. కానీ పరిమాణం చూడండి: రెండోదాని సగం వెలుగు వ్యాసార్థం దాదాపు 850 కాంతి సంవత్సరాలు, అంటే మామ్-జెడ్14 కన్నా మూడున్నర రెట్లు ఎక్కువ.

ఈ తేడా ఊరికే చెప్పుకునే ముచ్చట కాదు. తొలినాటి గెలాక్సీ ఏదైనా అనుకున్నదానికన్నా ప్రకాశవంతంగా కనబడితే శాస్త్రవేత్తలకు మొదట వచ్చే అనుమానం, నడిమధ్య ఓ కృష్ణబిలం కూర్చుని చుట్టూ ఉన్న వాయువును మింగుతూ వెలుగుతోందేమోనని. కృష్ణబిలం వెలుగైతే చుక్కగానే కనబడాలి, పరుచుకోకూడదు. జేడ్స్ గెలాక్సీ వెలుగు 1,600 కాంతి సంవత్సరాల పైచిలుకు మేర పరుచుకుని ఉంది. కాబట్టి అందులో ఎక్కువ భాగం నక్షత్రాలదే అని తేల్చగలిగారు. అంటే వెలుగెవరిదో చెప్పిన సాక్ష్యాల్లో పరిమాణం ముఖ్యమైనది.

బుల్లి గెలాక్సీల జట్టు వేరే ఉంది. 2016లో హబుల్ టెలిస్కోపు దూరం రికార్డు కట్టబెట్టిన జీఎన్-జెడ్11 వాటిలో ఒకటి. దాని సగం వెలుగు వ్యాసార్థం 200 కాంతి సంవత్సరాల పైమాటే, అంతకన్నా పెద్దగా ఎక్కువ లేదు. దీని వర్ణపటంలో నత్రజని గీతలు వింతగా బలంగా ఉన్నాయి. మామ్-జెడ్14లోనూ అంతే. పరుచుకుని ఉన్న గెలాక్సీల్లోనేమో ఆ గీతలు నీరసంగా ఉన్నాయి. ఇరుకుగా ఉన్నవి నత్రజనితో నిండి, విశాలంగా ఉన్నవి అలా లేకపోవడం చూసి, తొలి గెలాక్సీలు రెండు రకాలుగా పుట్టి ఉంటాయా అని ఇప్పుడు చర్చ నడుస్తోంది. నాకైతే ఇది దూరం రికార్డుల కన్నా ఎక్కువ కాలం నిలిచే చర్చ అనిపిస్తుంది.

కొలిచింది ఎంత చిన్న కోణమో ఒకసారి ఊహించుకోవాలి. జేడ్స్ గెలాక్సీ ఆకాశంలో ఆక్రమించిన కోణం ఆర్క్ సెకనులో ఆరో వంతు. ఒక డిగ్రీని 3,600 ముక్కలు చేస్తే ఒక్కో ముక్క ఆర్క్ సెకను. గుంటూరులో ఎవరో పది రూపాయల బిళ్లను నిలబెట్టి పట్టుకుంటే, విజయవాడ నుంచి చూసేవాడికి ఆ బిళ్ల దాదాపు ఆ కోణంలోనే కనబడుతుంది. బిళ్ల ఉందని చెప్పడం కాదు, దాని అడ్డకొలత చెప్పాలి!

అంచు లేనిదాన్ని కొలవడం

గెలాక్సీకి గోడ లేదు, గట్టు లేదు. నడిమధ్య వెలుగు దట్టంగా ఉండి, బయటికి పోయేకొద్దీ పలచబడుతూ చివరికి ఆకాశపు మసకలో కలిసిపోతుంది. ఎక్కడ అయిపోయిందో గీత గీయలేం. అందుకే ‘మొత్తం వెలుగులో సగం ఎంత వ్యాసార్థంలో ఉంది’ అని అడుగుతారు. సగం ఎక్కడుందో చెప్పడం, అంచు ఎక్కడుందో చెప్పడం కన్నా నమ్మకమైన పని. వెలుగు ఏ తీరున పలచబడుతుందో చెప్పే సూత్రాన్ని 1963లో అర్జెంటీనాకు చెందిన హోసే లూయిస్ సెర్సిక్ ఇచ్చాడు. అరవై ఏళ్లు దాటినా వెబ్ టెలిస్కోపు చిత్రాల మీద ఇవాళ వాడేది ఆయన సూత్రమే.

ఇందులో ఇంకో చిక్కు టెలిస్కోపుదే. ఎంత మంచి అద్దమైనా, చుక్కలాంటి నక్షత్రాన్ని కూడా కొంచెం అలికి చూపిస్తుంది. వెబ్ అద్దం వెడల్పు 6.5 మీటర్లు, హబుల్‌ది 2.4. వెబ్‌లో అలుకుడు తక్కువేగానీ, లేకుండా పోలేదు. కాబట్టి చిత్రంలో మసగ్గా కనబడేది నిజంగా గెలాక్సీ వెడల్పా, లేక అద్దం చేసిన అలుకుడా అన్నది తేల్చుకోవాలి. అందుకు తిరగేసి పని చేస్తారు. అదే చిత్రంలో ఉన్న నక్షత్రాల్ని చూసి అద్దం ఎంత అలుకుతుందో ముందు తెలుసుకుంటారు. తర్వాత కంప్యూటర్లో ఒక మాదిరి గెలాక్సీని తయారుచేసి, దాన్నీ అంతే అలికి, అసలు చిత్రంలోంచి తీసేస్తారు. మిగిలింది ఖాళీ ఆకాశమైతే మాదిరి సరిపోయినట్టు. ఏదైనా మిగిలితే కొలతలు మార్చి మళ్లీ మొదలు. ఇలా వేలసార్లు తిప్పాక ఒక అంకె, దాని పక్కన తప్పుకు ఆస్కారం ఎంతో చెప్పే ఇంకో అంకె వస్తాయి. ఆ రెండో అంకె లేని రికార్డును నేనైతే నమ్మను.

విశ్వం కూడా ఈ కొలతల్లో తన వంతు చిత్రాలు చేస్తుంది. దూరం పెరిగేకొద్దీ వస్తువు చిన్నదిగా కనబడాలి కదా. ఒక దశ దాకా అలాగే జరుగుతుంది. వెలుగు బయల్దేరి సుమారు 950 కోట్ల ఏళ్లయిన దూరం దాటితే లెక్క తిరగబడుతుంది. అక్కణ్ణించి ఎంత దూరం పోతే అంత పెద్దగా కనబడతాయి! ఆ వెలుగు బయల్దేరినప్పుడు విశ్వం చిన్నదిగా ఉండి, ఆ గెలాక్సీ మనకు దగ్గరగా ఉండడమే కారణం. దారిలో విశ్వం సాగినా, బయల్దేరినప్పటి కోణం అలాగే నిలిచిపోయింది. మామ్-జెడ్14 అంత దూరాన ఉన్న వస్తువు, అదే కొలతతో ఆ మలుపు దగ్గరున్న వస్తువు కన్నా రెండున్నర రెట్లు పెద్దగా కనబడుతుంది. దూరపు గెలాక్సీలను కొలిచేవాళ్లకు విశ్వం ఇచ్చిన రాయితీ ఇది.

ఇచ్చిన చేత్తోనే తీసుకుంది కూడా. విశ్వం సాగడం వల్ల వెలుగు పలచబడుతుంది. రిచర్డ్ టోల్మన్ 1930లలోనే చూపినట్టు, ఈ పలచబాటు చాలా వేగంగా పెరుగుతుంది. మామ్-జెడ్14 విషయంలో ఒక్కో ఆకాశపు ముక్కలోంచి వచ్చే వెలుగు యాభై వేల రెట్లకు పైగా మందగించింది. దట్టమైన నడిభాగం బతికి బయటపడుతుంది, పలచని బయటి భాగం మునిగిపోతుంది. తొలి గెలాక్సీలు ఇంత చిన్నవని చదివినప్పుడల్లా ఈ ముక్క గుర్తుంచుకోవడం మంచిది.

అతి చిన్నది: భూతద్దం దొరికితేనే

వెబ్ చూపు కూడా ఒక హద్దు దగ్గర ఆగిపోతుంది. దాన్ని దాటాలంటే మధ్యలో ఓ గెలాక్సీల గుంపు అడ్డురావాలి. గుంపు బరువుకు దాని చుట్టూ వెలుగు దారి వంగి, వెనకున్న గెలాక్సీ సాగిపోయి, పెద్దదై కనబడుతుంది. ఇదే గురుత్వ కటకం. మనిషి చేయలేని భూతద్దం.

2024లో ఇలాంటి కటకం చాటున కాస్మిక్ జెమ్స్ ఆర్క్ అనే వెలుగు వంపులో ఐదు నక్షత్ర గుచ్ఛాలు విడివిడిగా కనిపించాయి. వెలుగు బయల్దేరేనాటికి విశ్వం వయసు 46 కోట్ల ఏళ్లు. ఒక్కో గుచ్ఛం వ్యాసార్థం సుమారు మూడు కాంతి సంవత్సరాలు. మూడే! సూర్యుడికీ, అన్నిటికన్నా దగ్గరున్న నక్షత్రానికీ మధ్య ఉన్న ఎడం అంతకన్నా ఎక్కువ. ఆ ఎడంలో మనకు ఒక్క నక్షత్రమూ లేదు, అక్కడ లక్షల సూర్యుళ్ల బరువు కుక్కి ఉంది. ఐదు గుచ్ఛాలూ కలిపి 230 కాంతి సంవత్సరాల లోపు చోటులో సర్దుకున్నాయి. కటకమే లేకపోతే ఈ ఐదూ కలిసి వెబ్‌కు ఒక్క చుక్క. ఇవాళ మన పాలపుంత చుట్టూ తిరుగుతున్న ముసలి గోళాకార గుచ్ఛాలు పుట్టింది ఇలాగే కావచ్చని వీటిని చూశాక చాలామందికి నమ్మకం కుదిరింది.

అదే ఏడాది డిసెంబరులో ఫైర్‌ఫ్లై స్పార్కిల్ వచ్చింది. విశ్వానికి 60 కోట్ల ఏళ్లప్పటి గెలాక్సీ, అందులో పది గుచ్ఛాలు మిణుకుమంటున్నాయి. మన పాలపుంత ఆ వయసులో ఉండి ఉంటే దాని బరువు కూడా దాదాపు ఇంతే ఉండేదని అంచనా. పక్కన ఉన్న రెండు గెలాక్సీలకు ‘బెస్ట్ ఫ్రెండ్’, ‘న్యూ బెస్ట్ ఫ్రెండ్’ అని పేర్లు పెట్టారు. మొదటి స్నేహితుడు 6,500 కాంతి సంవత్సరాల దూరంలో, కొత్త స్నేహితుడు 42,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నారు.

ఇంతకన్నా చిన్నది ఎరెండెల్. 2022 మార్చిలో హబుల్ బయటపెట్టింది. 1,290 కోట్ల ఏళ్ల నాటి ఒంటరి నక్షత్రమని ప్రకటన. కటకం దాన్ని వేల రెట్లు పెంచి చూపిస్తోంది. అంత పెంచాక కూడా వెబ్ చిత్రాల్లో అది చుక్కే. అంటే దాని అసలు వ్యాసార్థం, భూమికీ సూర్యుడికీ మధ్య దూరానికి నాలుగు వేల రెట్ల కన్నా తక్కువ ఉండాలి. అంత దూరపు వెలుగు మీద ఇంత బిగువైన హద్దు గీయగలగడమే గొప్ప. అయితే ఆ హద్దులో ఒక్క నక్షత్రమే ఉండాలని లేదు. 2025లో మరో పరిశోధన బృందం దాని వర్ణపటం చూసి, ఇది నక్షత్రం కాదు, గుచ్ఛం కావచ్చని వాదించింది. గుచ్ఛమైతే కటకం అంతగా పెంచి ఉండకూడదు, పెంపు తగ్గితే వ్యాసార్థం హద్దు కూడా సడలుతుంది. కటకాలతో తీసిన కొలతలన్నిటికీ ఉన్న తిరకాసు ఇదే. గుంపులో బరువు ఎక్కడెక్కడ ఎంతుందో గీసిన పటం ఎంత నమ్మకమో, కొలతా అంతే నమ్మకం.

కటకాల్లో విచిత్రాల పోటీ పెడితే నా ఓటు సన్‌బర్స్ట్ ఆర్క్‌కు. దాదాపు 1,100 కోట్ల కాంతి సంవత్సరాల దూరాన ఉన్న ఒక్క గెలాక్సీ, నాలుగు వంపులుగా చీలి, అందులోని ఒకే వెలుగు మచ్చ పన్నెండు సార్లు కనబడుతుంది. హబుల్ చిత్రంలో వాటిని ఏరి, పన్నెండూ ఒకటేనని 2019లో తేల్చారు.

శ్రీహరికోట నుంచి వెళ్లిన కన్ను

2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ-సీ30 మీద బయల్దేరిన ఆస్ట్రోశాట్‌లో అతినీలలోహిత టెలిస్కోపు ఉంది. అద్దం 38 సెంటీమీటర్లే. హబుల్ పక్కన అది ఏమూలకు? అయినా 2016 అక్టోబరులో 28 గంటలకు పైగా ఒకే ఆకాశపు ముక్క వైపు చూసి, 930 కోట్ల ఏళ్ల నాటి గెలాక్సీలోంచి వస్తున్న అతి తీక్ష్ణమైన అతినీలలోహిత కాంతిని పట్టింది. పుణేలోని ఐయూకా సంస్థలో కనక్ సాహా బృందం దాన్ని విశ్లేషించి, నిజమేనని నిర్ధారించుకుని, 2020లో ప్రకటించింది. ఆ కాంతి తరంగం పొడవు బయల్దేరినప్పుడు 60 నానోమీటర్లు. సాధారణంగా హైడ్రోజన్ ఇలాంటి కాంతిని గెలాక్సీ గడప దాటనివ్వదు. పరికరంలో పుట్టే గోల చాలా తక్కువ కాబట్టి హబుల్‌కు చిక్కనిది దీనికి చిక్కింది.

అదే టెలిస్కోపు 2022లో ఇంకో మెలిక చూపింది. 150 నుంచి 390 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న 11 మరుగుజ్జు గెలాక్సీలను చూస్తే, మామూలు కాంతిలో వాటి హద్దు అనుకున్నచోటు దాటి బయట అతినీలలోహిత వెలుగు కనిపించింది. అంటే కొత్త నక్షత్రాలు గెలాక్సీ బయటి అంచున పుడుతున్నాయి, గెలాక్సీ అంచు దగ్గర పెరుగుతోంది. హబుల్ చూసినప్పుడు ఆ అంచు కనబడలేదు. పెద్ద అద్దం చూడని వెడల్పును చిన్న అద్దం చూసిందన్నమాట.

పుణేలోనే ఎన్‌సీఆర్‌ఏ అనే ఖగోళ పరిశోధన సంస్థకు చెందిన రాశీ జైన్, యోగేశ్ వడాదేకర్ 2025లో వెబ్ చిత్రాల్లో ఒక సర్పిల గెలాక్సీని పట్టుకున్నారు. విశ్వానికి 150 కోట్ల ఏళ్లప్పటిది. అడ్డకొలత 30,000 కాంతి సంవత్సరాలు, రెండు చేతులు తీర్చిదిద్దినట్టు ఉన్నాయి. అలకనంద అని పేరు పెట్టారు. హిందీలో పాలపుంతను మందాకిని అంటారు కాబట్టి దానికి తోబుట్టువు లాంటి నది పేరు. అంత చిన్న విశ్వంలో అంత పద్ధతిగా తీరిన పళ్లెం ఎలా తయారైందన్నది అంతటా చర్చ. దానికి కొద్ది నెలల ముందే బిగ్ వీల్ అనే ఇంకో పళ్లెం గురించి ప్రకటించారు. విశ్వానికి 200 కోట్ల ఏళ్లప్పటికే లక్ష కాంతి సంవత్సరాల మేర విస్తరించి, గిర్రున తిరుగుతోందది. చిన్నవే తప్ప పెద్దవి ఉండవనుకున్న రోజుల్లో ఇదొక పెద్ద మినహాయింపు.

అతి పెద్దది: హైడ్రోజన్ వెలుగు

ఇక అసలు పెద్దవాటి దగ్గరికి వద్దాం. ఇక్కడ నక్షత్రాల వెలుగు పక్కకు పెట్టాలి.

హైడ్రోజన్ పరమాణువు ఉత్తేజితమై చల్లబడేటప్పుడు 121.6 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని విడుదల చేస్తుంది. 1906లో థియొడర్ లైమన్ కనిపెట్టాడు కాబట్టి లైమన్ ఆల్ఫా అంటారు. భూమి గాలి ఆ తరంగాన్ని లోపలికి రానివ్వదు. కానీ దూరపు గెలాక్సీలోంచి వచ్చేటప్పుడు విశ్వం సాగి, తరంగమూ సాగి, నీలి, ఆకుపచ్చ, ఎరుపు కాంతిగా మారి నేల మీది టెలిస్కోపులకు అందుతుంది. కొత్తగా పుట్టే గెలాక్సీలు ఈ కాంతిలో ధగధగలాడుతుంటాయని పార్ట్రిడ్జ్, పీబుల్స్ 1967లోనే జోస్యం చెప్పారు. నమ్మి వెతికినవాళ్లకు మూడు దశాబ్దాలు నిరాశే మిగిలింది. 1990ల చివర్లో కెక్ టెలిస్కోపుతో వెతికాక గానీ అవి దొరకలేదు. అంతకుముందు టెలిస్కోపులు చాలనంత చిన్నవి, గెలాక్సీలు జోస్యంలో చెప్పినదాని కన్నా మసకవి, అంతే.

ఈ కాంతికి ఒక దుర్గుణం ఉంది. దారిలో ఇంకో హైడ్రోజన్ పరమాణువు తగిలితే అది మింగేసి, వెంటనే మరో దిక్కుకు ఉమ్మేస్తుంది. అది మరొకదానికి తగులుతుంది. ఇలా లక్షలసార్లు దిక్కు మారి, చివరికి పుట్టిన చోటుకు చాలా దూరంగా బయటపడుతుంది. మనం చూసేది వెలుగు పుట్టిన చోటు కాదు, బయటపడిన చోటు. అందుకే నక్షత్రాల వెలుగులో చుక్కలా ఉన్న గెలాక్సీ, లైమన్ ఆల్ఫాలో చుట్టూ విశాలమైన మసక వలయంతో కనబడుతుంది.

ఒక్కో గెలాక్సీకి ఈ వలయం చూడలేనంత మసకగా ఉండేది. 2011లో చార్ల్స్ స్టైడెల్ బృందం 92 గెలాక్సీల చిత్రాలను ఒకదాని మీద ఒకటి పేర్చి చూస్తే, వలయం నడిమధ్య నుంచి రెండున్నర లక్షల కాంతి సంవత్సరాల దాకా ఉందని తేలింది. 2014లో చిలీలోని వెరీ లార్జ్ టెలిస్కోపుకు మ్యూజ్ అనే పరికరం అమరింది. చిత్రంలోని ప్రతి బిందువుకూ ఒక వర్ణపటం, ఒక్క ఎక్స్‌పోజరుకు తొంభై వేల వర్ణపటాలు. దాంతో ఇక పేర్చాల్సిన పని తప్పింది. హబుల్ అల్ట్రా డీప్ ఫీల్డ్ అనే ఆకాశపు ముక్కలో చూసిన గెలాక్సీల్లో ఐదింట నాలుగింటికి విడివిడిగా వలయాలు కొలిచారు. నక్షత్రాల వెలుగుతో పోలిస్తే నాలుగు రెట్ల నుంచి ఇరవై రెట్లకు పైగా పెద్దవి. 2018లో అదే పరికరంతో ఇంకాస్త మసక లోతుల్లోకి వెళ్లాక తేలింది వింటే నమ్మశక్యం కాదు. ఈ వలయాలు ఒకదానితో ఒకటి కలిసిపోయి దాదాపు ఆకాశమంతా పరుచుకుని ఉన్నాయట. మన కళ్లు లైమన్ ఆల్ఫాను అంత మసకలో చూడగలిగితే రాత్రి ఆకాశంలో నల్లటి చోటంటూ దాదాపు ఉండదు.

వలయాలు కాదు, మేఘాలనే చెప్పాల్సినవి వేరే ఉన్నాయి. 2000లో స్టైడెల్ బృందం ఎల్ఏబీ-1 ను కనిపెట్టింది. 1,150 కోట్ల ఏళ్ల నాటి వెలుగు, అడ్డకొలత మూడు లక్షల కాంతి సంవత్సరాలు, మన పాలపుంతలు మూడు పక్కపక్కన పట్టేంత. దాన్ని వెలిగిస్తున్నదేమిటని పదేళ్లకు పైగా కొట్టుకున్నారు. చల్లబడుతున్న వాయువా, లోపల దాక్కున్న గెలాక్సీలా? 2011లో మాథ్యూ హేస్ బృందం ఆ కాంతి ధ్రువితమై (తరంగాలు ఎక్కువగా ఒకే దిశలో ఊగుతూ) ఉందని చూపించింది. అంటే కాంతి ఎక్కడో పుట్టి, మేఘంలో తగులుకుంటూ వచ్చింది. 2016లో అల్మా టెలిస్కోపులు నడిమధ్యన నక్షత్రాలు జోరుగా పుడుతున్న రెండు గెలాక్సీలను పట్టుకున్నాయి. దీపాలు లోపలున్నాయి, మేఘం వాటి వెలుగును చిందిస్తోంది.

2009లో జపాన్‌వాళ్లు సుబారు టెలిస్కోపుతో కనిపెట్టిన హిమికో 55,000 కాంతి సంవత్సరాల మేఘం. విశ్వానికి 80 కోట్ల ఏళ్లప్పటిది. ఆ పేరు పురాతన జపాను రాణిది. 2015లో దొరికిన జాక్‌పాట్ నెబ్యులా పది లక్షల కాంతి సంవత్సరాల పొడవు, లోపల ఒక్కటి కాదు, నాలుగు క్వేజార్లు, అంటే వాయువును మింగుతూ ధగధగా వెలిగే భారీ కృష్ణబిలాలు. అంతకుముందు 2014లో సెబాస్టియానో కాంటలూపో బృందం చూసిన స్లగ్ నెబ్యులా దాదాపు 15 లక్షల కాంతి సంవత్సరాలు. ఒక క్వేజార్ తన చుట్టూ ఉన్న వాయువును ఫ్లాష్‌లైటులా వెలిగించడంతో, గెలాక్సీలను కలిపే వాయు పోగు ఒకటి కంటికి చిక్కింది. ఇంత పెద్దదానికి గెలాక్సీ అనే మాట చాలదు.

లైమన్ ఆల్ఫాలో ఇంకా విచిత్రమైనది 2025లో వచ్చింది. జేడ్స్-జీఎస్-జెడ్13-1 అనే గెలాక్సీ నక్షత్రాల వెలుగులో బహు బుల్లిది. దాని వెలుగు బయల్దేరేనాటికి విశ్వం వయసు 33 కోట్ల ఏళ్లు. అప్పుడు విశ్వమంతా చల్లటి హైడ్రోజన్ మబ్బుతో నిండి, ఏ లైమన్ ఆల్ఫా వెలుగునైనా మింగేస్తూ ఉండాలి. అయినా దీనిది బలంగా బయటపడింది. చుట్టూ మబ్బును కాల్చి, వెలుగు దారికి చోటు చేసుకునేంత పెద్ద బుడగ ఉంటేనే అది కుదురుతుంది. అంత బుల్లి గెలాక్సీ ఆ బుడగను ఎలా ఊదిందన్నది ఇప్పటి పెద్ద చిక్కుముడి.

చిత్రం తీయకుండా కొలిచినవి

కొన్ని వెలుగులు ఏ అద్దానికీ విడిపోనంత చిన్నవి. వాటిని చూడకుండానే కొలిచిన మొదటి ఉపాయం గడియారానిది. 1963లో మార్టెన్ ష్మిట్ 3సీ 273 అనే చుక్క అతి దూరపు క్వేజార్ అని తేల్చాడు. అదే ఏడాది హార్లన్ స్మిత్, డొరిట్ హాఫ్లెట్ హార్వర్డ్‌లో భద్రపరిచిన పాత ఫొటో పలకలు తిరగేసి, దాని వెలుగు ఎక్కువ తక్కువలు అవుతోందని చూపారు. వెలుగు కొద్ది నెలల్లో మారిందంటే, వెలిగే చోటు కొద్ది కాంతి నెలల కన్నా పెద్దది కాకూడదు. ఒక మూల వెలుగు మారిందన్న కబురు ఇంకో మూలకు చేరాలి కదా. గెలాక్సీ మొత్తాన్ని మించిన వెలుగు, కొద్ది కాంతి నెలల చోటులోంచి! కృష్ణబిలం తప్ప మరో దారి లేదని శాస్త్రవేత్తలు తలవంచింది ఈ కొలత దగ్గరే.

రేడియో తరంగాల దగ్గరకొస్తే, చిలీ ఎడారిలో 5,000 మీటర్ల ఎత్తున ఉన్న అల్మా 2014 చివర్లో తన డిష్‌లను 15 కిలోమీటర్ల దూరానికి విడదీసి, ఎస్‌డీపీ.81 అనే గెలాక్సీని చూసింది. కటకం సాయంతో దాదాపు పూర్తి ఉంగరంలా కనబడే ఆ గెలాక్సీలో, 200 కాంతి సంవత్సరాల ముద్దల దాకా విడదీయగలిగింది. ధూళిలో పుడుతున్న నక్షత్రాల వెచ్చదనం అది.

అంతకన్నా చాలా చిన్న కోణాన్ని కొలిచింది చిలీలోనే ఉన్న గ్రావిటీ పరికరం. నాలుగు 8.2 మీటర్ల టెలిస్కోపుల వెలుగును ఒకటిగా కలిపి, 130 మీటర్ల అద్దంలా పనిచేయిస్తుంది. 2018లో అదే 3సీ 273 లోపల, కృష్ణబిలం చుట్టూ వేగంగా తిరిగే వాయువు వ్యాసార్థం 150 కాంతి దినాలని తేల్చింది. ఆ కోణం ఆర్క్ సెకనులో లక్షో వంతుకు దాదాపు ఐదు రెట్లు మాత్రమే. 2024లో మెరుగుపరిచిన పరికరంతో 1,100 కోట్ల ఏళ్ల నాటి మరో క్వేజార్‌లోనూ అదే పని చేశారు. వాయువు ఎంత వ్యాసార్థంలో, ఎంత వేగంతో తిరుగుతోందో తెలిస్తే, మధ్యలో ఉన్నదాని బరువు లెక్క వస్తుంది. అక్కడి కృష్ణబిలం బరువు 32 కోట్ల సూర్యుళ్లు అని తేలింది. తన గెలాక్సీ బరువుకు అది ఉండాల్సినంత లేదు. గెలాక్సీ ముందు పెరిగింది, కృష్ణబిలం వెనకబడింది.